వంతెన వచ్చింది మాస్టారూ

విరగ్గొట్టడం నా ఉద్యోగం. తుంటిలో పెట్టే కీళ్ళు, వెన్నులో బిగించే స్క్రూలు, తొడలో దింపే రాడ్లు మనిషి ఒంట్లోకి వెళ్ళేముందు మా ల్యాబ్‌కి వస్తాయి. వాటిని యంత్రాలకు బిగించి, ఒక మనిషి ఏళ్ళ తరబడి నడిచే నడకంతా కొద్ది రోజుల్లో నడిపిస్తాం. ఆ తర్వాత విరిగేదాకా నొక్కుతాం. ఎక్కడ విరిగిందో, ఎంత బరువుకు విరిగిందో తయారుచేసినవాళ్ళకు రాసి పంపుతాం. మా వదిన నన్ను చుట్టాలకు పరిచయం చేసేది కూడా ఆ ముక్కతోనే. "మా ఆడపడుచు మేష్వాంగ్, ఎముకలు విరిచే పని చేస్తుంది" అంటుంది. పెళ్ళి చేసుకోలేదన్న ముక్క ఆ వెంటనే వస్తుంది.

దయ్యాలంటే నాకు నమ్మకం లేదని ఇక్కడ రాయాలి. రాయలేను. నమ్మకం లేని రోజుల్లో జరిగిన సంగతి ఇది.

మా ల్యాబ్ కావ్‌ష్యుంగ్ నగరానికి ఉత్తరాన ఫ్యాక్టరీల మధ్య ఉంది. ఎక్కువగా మా దగ్గరికి వచ్చేవి ప్లాస్టిక్ ఎముకలు. పసుపుపచ్చగా, తేలిగ్గా, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. వాటికి పేర్లుండవు, చుట్టాలుండరు, నాకు వాటితో ఏ పేచీ లేదు. ప్రతి యంత్రం నెత్తినా ఒక ఆకుపచ్చ చిరుతిళ్ళ పొట్లం ఉంటుంది, కొబ్బరి రుచిది. దాని పేరుకి బుద్ధిగా ఉండమని అర్థం, యంత్రం అలా ఉండడానికే పెడతాం. దాన్ని తినకూడదు, గడువు దాటనివ్వకూడదు, వేరే రంగు పొట్లం పెట్టకూడదు. పై చదువులు చదివిన మా డైరెక్టర్ ఫాంగ్ కూడా ఏ యంత్రమైనా మొరాయిస్తే ముందు పొట్లం మీద తేదీ చూసి, ఆ తర్వాతే వైర్లు చూస్తాడు.

అసలు ఎముక మా దగ్గరికి ఎప్పుడో గానీ రాదు. ఆ ఏడాది తుపానులు వెళ్ళాక ఒకటి వచ్చింది, లూ మాస్టారిది. వైద్య విద్యార్థులు నేర్చుకోవడానికి శరీరాన్ని ఇచ్చినవాళ్ళను ఇక్కడ మాస్టారనే పిలుస్తారు, బతికుండగా బడి గడప తొక్కకపోయినా సరే. లూ మాస్టారు చ్యేదింగ్ ఊళ్ళో చెరువుల్లో పాలబొంత చేపలు పెంచినాయన. సంతకం పెట్టడం తప్ప చదువు లేదు. తైనాన్ వైద్య కళాశాలలో విద్యార్థులు ఆయన ఒంటి మీద ఆపరేషన్లు నేర్చుకున్నారు. చివరిగా ఆయన కుడి తొడ ఎముకను కొత్త రాడ్డు పరీక్షకని మాకు పంపారు. ఒకే షరతు. పరీక్ష అయ్యాక విరిగిన ముక్కలతో సహా తిరిగి ఇచ్చేయాలి. దహనం రోజున మాస్టార్ల ఒంట్లోంచి తీసిన ప్రతి భాగాన్నీ మళ్ళీ దాని చోట పెట్టి, కుట్టి, నిండు మనిషిగా సాగనంపుతారు. దానికి మంచి రోజు చూసి ముందే నిర్ణయించారు.

ఎముక ఉన్న చల్లని పెట్టెను కళాశాల నుంచి తెచ్చింది మా డ్రైవరు గాంగ్ బాబాయి. ఆయన అంతకుముందు చాలా ఏళ్ళు శవాల బండి నడిపాడు. నడుం పట్టేస్తోందని మానేసి మా దగ్గర చేరాడు. దవడలో ఎప్పుడూ వక్క ఉంటుంది.

"ఇంతసేపా బాబాయ్? దారిలో నిద్రపోయావా?" అన్నాను.

"మాస్టారితో వస్తున్నా అమ్మాయ్, చేపల బుట్టేసుకుని వస్తున్నట్టు రాగలనా? మెల్లగా తెచ్చా. అర్‌రెన్ ఏటి మీద వంతెన దగ్గర కూడా చెప్పా."

"ఏం చెప్పావ్?"

"'వంతెన వచ్చింది మాస్టారూ, దాటండి' అని. చెప్పొద్దూ మరి?"

చనిపోయినవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు దారి పొడుగునా వాళ్ళకు చెబుతూ ఉంటాం. బండి ఎక్కుతున్నాం, మలుపు తిరుగుతున్నాం, వంతెన వచ్చింది, దాటు. చెప్పకపోతే నీళ్ళ అవతలే నిలిచిపోతారంటారు. మా అమ్మను తీసుకెళ్ళిన రోజు నేనూ గొంతు పోయేదాకా చెప్పాను. అందుకని బాబాయి మాటలో నాకు తప్పేమీ కనబడలేదు. నవ్వేసి పెట్టె అందుకున్నాను.

ఎముకను మధ్యకి కోసి, లోపల రాడ్డు దింపి, పైనా కిందా స్క్రూలు బిగించాం. కాలు విరిగి ఆపరేషనైన మనిషి మళ్ళీ నడక మొదలుపెడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. దాని ముందు నిలబడి తల వంచి, "లూ మాస్టారూ, ఇవాళ్టి నుంచి మిమ్మల్ని నడిపిస్తాం, శ్రమ అనుకోకండి" అని చెప్పి మీట నొక్కాను. ఎండిపోకుండా ఉప్పునీటి తుంపర పడుతూ ఉంటే యంత్రం నొక్కుతుంది, వదులుతుంది, నొక్కుతుంది, వదులుతుంది. స్క్రీన్ మీద గీత ఒకే ఎత్తు అలలుగా సాగిపోవాలి.

సాగలేదు. మూడు అలలు బాగానే వచ్చేవి. నాలుగోది పైకి లేస్తూ లేస్తూ సగంలో నిలిచిపోయేది. కాసేపు అలాగే ఉండి, మళ్ళీ మూడు. మళ్ళీ ఆగడం. యంత్రానికి మేమిచ్చిన ఆజ్ఞలో ఆగడమన్నదే లేదు.

పట్లు విప్పి బిగించాను. పంపు చూశాను, సెన్సర్ మార్చాను. ఎముకను పక్కన పెట్టి ప్లాస్టిక్ ఎముకను ఎక్కిస్తే గీత గీసినట్టు సాగింది. ప్లాస్టిక్‌ది తీసి మాస్టారిది ఎక్కించాను. మూడు, ఆగడం.

ఫాంగ్ నా వెనక నిలబడి చూశాడు. వయసులో నాకంటే చిన్నవాడు, అక్కా అనే పిలుస్తాడు. "పొట్లం చూశావా అక్కా?"

"చూశా. ఇంకా బోలెడు గడువుంది."

"రంగు?"

"నాకు కళ్ళున్నాయి డైరెక్టర్‌గారూ."

"అయితే నడవనివ్వు. చివరికి ఎంత బరువు మోసిందన్నది మనకు ముఖ్యం, మధ్యలో ఎక్కడ కూర్చున్నాడన్నది కాదు" అని నవ్వుతూ వెళ్ళబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. ఆయన కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనానికి యంత్రాలన్నీ ఆపాను. పంపు మోత కూడా ఆగింది. ఆపేశాక బరువు చూపే అంకె సున్నా దగ్గర ఉండాలి. మాస్టారి యంత్రం మీద అది కొంచెం పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. బస్సు కోసం నిలబడ్డ మనిషి ఒక కాలి మీంచి రెండో కాలి మీదికి ఒరిగినట్టు. పక్కనున్న ఖాళీ యంత్రాల వైపు చూశాను. వాటికి ఏమీ బిగించలేదు. వాటి మీద కూడా ఎంతో కొంత బరువు కనబడుతోంది. సున్నా చేస్తే కాసేపుండి మళ్ళీ వచ్చేది. తుపాను తేమకు సెన్సర్లు ఇలాగే తిక్కతిక్కగా ఉంటాయిలే అనుకున్నాను. అనుకుని, నా డబ్బా తీసుకెళ్ళి బయట మెట్ల మీద కూర్చుని తిన్నాను. అంతకుముందు ఎప్పుడూ యంత్రాల పక్కనే తినేదాన్ని. నాకు భయం వేసింది.

దహనానికి ముందురోజు పొద్దున్న గేటు దగ్గరికి ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. గాంగ్ బాబాయి లోపలికి తీసుకొచ్చాడు.

"నా పేరు లూ చ్యూరాంగ్ అండీ. మా నాన్న మీ దగ్గరున్నారు" అంది. "ఆ ఎముకని ఒక్కసారి చూడనిస్తారా? క్షమాపణ చెప్పుకుని వెళ్ళిపోతా."

బయటివాళ్ళను లోపలికి రానివ్వకూడదు. నేను కుర్చీ చూపించి మంచినీళ్ళిచ్చాను. ఆమె తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుని చెప్పింది. కళాశాల హాల్లో మాస్టార్ల పెట్టెలు వరసగా పెట్టారట. నిన్నటి నుంచి ఒక్కో కుటుంబమే వెళ్ళి తమవాళ్ళను పలకరిస్తున్నారు. మొదటి వంతు వీళ్ళదే వచ్చింది. చనిపోయినవాళ్ళను ఏదైనా అడగాలంటే మేం రెండు నాణేలు నేల మీద వేస్తాం. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే సరేనన్నట్టు. రెండూ ఒకేలా పడితే కాదన్నట్టు.

"'ఎల్లుండి సాగనంపుతున్నాం, సరేనా' అంటే కాదు. పోనీ 'ఉన్నావా నాన్నా' అంటే కూడా కాదు. ఎన్నిసార్లు వేసినా అంతేనండీ. మా మేనత్త అందరి ముందూ అనేసింది. బతికుండగా కంటికి రెప్పలా చూశానంటావు, చచ్చాక కోతకి ఇచ్చేశావు, మా అన్నయ్య మొహం తిప్పేసుకున్నాడు అని." ఆమె గ్లాసు కింద పెట్టింది. "సంతకం పెట్టింది నేనే. ఇచ్చెయ్యమని నాన్నే అడిగారు, కానీ అప్పటికే మందుల మత్తులో ఉన్నారు. ఏ తెలివిలో అన్నారో. ఆయనకి ఇష్టం లేకుండా నేను ఇచ్చేశానేమోనండీ. రేపు ఆయన సరేననకుండా దహనం చేస్తే నేనెలా బతకను?"

నిబంధనల సంగతి తర్వాత చూసుకుందామని ఆమెను లోపలికి తీసుకెళ్ళాను.

యంత్రం నడుస్తోంది. ఎముక చుట్టూ గుడ్డ కప్పి ఉంది, పెద్దగా ఏమీ కనబడదు. ఆమె ఎముకను చూడలేదు. స్క్రీన్ వైపు చూసి అలాగే ఉండిపోయింది. పెదాలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. ఆగింది. ఒకటి, రెండు, మూడు.

"ఇది మా నాన్న నడక" అంది.

నేను యంత్రం మీంచి ఆమె వైపు తిరిగాను.

"చెరువు గట్టు మీద ఇలాగే నడిచేవారు. మూడడుగులేసి ఆగేవారు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ చక్రం చప్పుడు సరిగా ఉందో లేదో వినేవారు. మళ్ళీ మూడడుగులు. చక్రం ఆగిందంటే తెల్లారేసరికి చేపలన్నీ తేలిపోతాయి కదండీ. నేను చిన్నప్పుడు వెనకాలే నడిచేదాన్ని, ఆగినప్పుడల్లా వెళ్ళి ఆయన నడుముకి గుద్దుకునేదాన్ని." ఆమె చెవి ఒగ్గింది. "ఈ మోత దేనిది?"

"పంపుది."

"అచ్చం చక్రాల మోతలా ఉంది."

నేను ఒకడుగు వెనక్కి వేశాను. ఆమె మొహంలో మాత్రం భయం లేదు. దిగులు కూడా తగ్గింది. "అయితే నాన్న ఇక్కడున్నారు. అందుకే అక్కడ లేరు. కానీ ఇంత దూరం ఎలా వచ్చారు? ఎముక వస్తే వచ్చింది, మనిషెలా వచ్చారు?"

తలుపు దగ్గర నిలబడ్డ గాంగ్ బాబాయి వక్క నమలడం ఆపేశాడు. "వంతెన దగ్గర నేను చెప్పానమ్మా, దాటండి మాస్టారూ అని" అన్నాడు.

"ఒక్క ఎముక తెస్తూ పిలిచారా? మనిషిని మొత్తం అక్కడే వదిలేసి?"

బాబాయి మొహం పాలిపోయింది. అంతసేపూ అది తన మర్యాదే అనుకున్నాడు పాపం. "ఎంతమందిని దాటించానమ్మా ఆ వంతెన. నోటికి అలవాటైపోయింది. పెట్టె ఎత్తితే మాట దానంతటదే వచ్చేస్తుంది. ముక్క కోసం వెళ్ళినవాణ్ణి మనిషిని పిలుచుకొచ్చా. ఇది నా బుద్ధి గడ్డి తిని చేసిన పని."

ఆమె జేబులోంచి రెండు నాణేలు తీసి యంత్రం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నాన్నా, ఇక్కడున్నావా?" అని వేసింది. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు. ఆమె నాణేల మీదికి వంగి ఏడ్చింది. నిన్నటి నుంచి పట్టి ఉంచిన ఏడుపంతా అప్పుడు బయటికొచ్చింది. తేరుకున్నాక, "ఇంటికెళ్దామా నాన్నా?" అని వేసింది. రెండూ బొమ్మలే. మళ్ళీ వేసింది, రెండూ బొరుసులే. మళ్ళీ వేసింది. కాదు.

"చూశారా, కోపమే. నామీద కోపం."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలీదు, ఆ మేనత్త మీద కాబోలు. "కోపం ఉన్నవాళ్ళు ఇలా నడుస్తారా?" అన్నాను. "ఎక్కిన రోజు నుంచీ ఒక్క పూట తప్పలేదు ఈయన. మీ నాన్నగారు చక్రం తిరుగుతుంటే గట్టు దిగి వచ్చేసేవారా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "పని మిగిలుంటే అన్నానికి పిలిచినా వచ్చేవారు కాదు."

"ఇక్కడా పని మిగిలే ఉంది."

"ఏం మిగిలింది?"

చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది. "నడక సాయంత్రానికి అయిపోతుంది. తర్వాత విరిగేదాకా నొక్కాలి. అప్పుడే రాడ్డు ఎంతవరకు కాపాడుతుందో తెలుస్తుంది. మీరు వద్దంటే ఇప్పుడే ఆపి ఇచ్చేస్తా. డైరెక్టర్‌కి నేను చెప్పుకుంటా."

ఆమె యంత్రం వైపు తిరిగింది. తర్వాత నాణేలు రెండు అరచేతుల మధ్య పెట్టుకుంది. "నాన్నా, ఈ పని పూర్తిచేసే వస్తావా?" సరే. రెండోసారి వేసింది. సరే. మూడోసారి కూడా సరే. మూడుసార్లు వరసగా పడితే ఇక సందేహం పెట్టుకోకూడదు.

"అంటే, ఆ రోజు అడిగింది మత్తులో కాదన్నమాట" అంది మెల్లగా.

"సంతకం ఆయనదే. చెయ్యి మాత్రమే మీది" అన్నాను.

సాయంత్రం ఫాంగ్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఆమెను బయట కూర్చోమన్నాం, కూర్చోలేదు. బరువు పెంచుతూ పోయాను. విరిగే చప్పుళ్ళు నాకు కొత్త కాదు. ప్లాస్టిక్ ఎముక టప్పుమంటుంది, లోహం ముందు మూలుగుతుంది. ఆ రోజు గీత పైకి పోతూ పోతూ, యంత్రం నొక్కుతూనే ఉన్నా, ఒకచోట ఆగింది. అదే ఆగడం. ఫాంగ్ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

చ్యూరాంగ్ ముందుకు వంగింది. "పర్లేదు నాన్నా. చక్రం నేను చూసుకుంటాలే" అంది.

గీత కదిలింది. ఎముక కింది స్క్రూ పక్కగా చీలింది. రాడ్డు నిలిచింది. చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు.

"ఇంటికెళ్దామా?" అని ఆమె మళ్ళీ అడిగినప్పుడు నాణేలు మొదటిసారే సరేనన్నాయి. ముక్కలను కడిగి, పక్కపక్కన చేర్చి, తెల్లటి గుడ్డతో కట్టి, కళాశాలకు బయల్దేరాం. ఆమె పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక కూర్చున్నాను. ఏరు వచ్చినప్పుడు గాంగ్ బాబాయి పెదాలు బిగించుకున్నాడు. ఆమే పిలిచింది. "లూ షుయిషెంగ్, నాన్నా, వంతెన వచ్చింది. మనవాళ్ళున్న వైపుకే. దాటు." ఆయన పేరు నేను మొదటిసారి విన్నది అప్పుడే.

మర్నాడు దహనానికి బాబాయీ నేనూ వెళ్ళాం. హాల్లో చ్యూరాంగ్ నాణేలు వేసింది. "నాన్నా, ఉన్నావా? బయల్దేరదామా?" రెండింటికీ సరే. వెనక నిలబడ్డ మేనత్త దగ్గరికొచ్చి నాణేలను కళ్ళారా చూసుకుని, ఏమీ అనకుండా మేనకోడలి జుట్టు సర్దింది. నాకు కడుపు నిండినట్టయింది. ఇక వెళ్దామని బాబాయి వైపు తిరిగాను.

పక్క పెట్టె దగ్గర ఒక ముసలావిడ నాణేలు వేస్తోంది. వేసి, ఏరి, మళ్ళీ వేస్తోంది. ఆవిడ కొడుకు, "ఇంకోసారి వెయ్యమ్మా, నేల ఎత్తుపల్లంగా ఉంది" అంటున్నాడు. దాని పక్క పెట్టె దగ్గర ఒకాయన రెండు చేతులతో మొహం కప్పుకుని కూర్చున్నాడు. ఆయన ముందు నాణేలు రెండూ బొమ్మలే. ఆ పక్కన కూడా అంతే. హాలు ఆ చివరిదాకా నేల మీద నాణేలు పడుతున్న చప్పుడు తప్ప మాటల్లేవు.

నేను బాబాయిని పక్కకు లాగాను. "బాబాయ్, ఆ రోజు పెట్టె ఎత్తినప్పుడు ఏమని పిలిచావ్?"

"మాస్టారూ, బండి సిద్ధంగా ఉంది, రండి అన్నా."

"పేరు?"

"పేరు..." బాబాయి నుదురు రుద్దుకున్నాడు. "పేరు నాకెవరూ చెప్పలేదే అమ్మాయ్."

"ఎక్కడ నిలబడి పిలిచావ్?"

"చల్లగదిలో."

"అక్కడ ఇంకెవరున్నారు?"

బాబాయి హాలంతా ఒకసారి చూశాడు. "అందరూ" అన్నాడు.

మా మాటలు చ్యూరాంగ్ విన్నది. నాకంటే ముందే అర్థమైంది ఆమెకు. ఆ ముసలావిడ, "ఎందుకయ్యా నామీద ఇంత కోపం, నేనొద్దన్నానుగా, నువ్వే ఇస్తానంటివి" అని మొగుడి పెట్టె మీద తల ఆనిస్తోంది. చ్యూరాంగ్ వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "కోపం కాదమ్మమ్మా, ఎవరికీ మీమీద కోపం లేదు" అంది, హాలంతా వినబడేలా. "వంతెన అవతలున్నారు. మనం వెళ్ళి పేరు పెట్టి పిలుచుకు రావాలి, అంతే."

ముహూర్తం మధ్యాహ్నానికి జరిపారు. కార్ల వరస మా ల్యాబ్ ముందు ఆగేసరికి ఫాంగే స్వయంగా తలుపులు తెరిచి పట్టుకున్నాడు. నిబంధనల గురించి ఒక్క ముక్క అనలేదు. యంత్రాలు ఆపి ఉన్నాయి. పంపు ఆగి ఉంది. లూ మాస్టారిని ఎక్కించినది తప్ప ప్రతి స్క్రీన్ మీదా ఎంతో కొంత బరువు ఉంది. ఒక్కో కుటుంబం లోపలికొచ్చి పేరు పెట్టి పిలిచారు. భార్య పిలిస్తే ఒక యంత్రం మీద అంకె సున్నా అయింది. కొడుకు పిలిస్తే ఇంకోదాని మీద. ఒక ఆరేళ్ళ మనవరాలు, "తాతయ్యా, కారెక్కు, నాకు ఆకలేస్తోంది" అంటే ఇంకోటి చప్పున పడిపోయింది. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. నేను గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. అక్కణ్ణుంచి కదలాలనిపించలేదు.

అందరూ వెళ్ళాక కిటికీ పక్క యంత్రం మీద అంకె మిగిలింది.

కళాశాలకు ఫోన్ చేశాం. మిగిలినాయన పాతకాలపు సైనికుడు. కుర్రతనంలో, ఓడిపోయిన సైన్యంతో సముద్రం దాటి ఈ దీవికి వచ్చి, వెనక్కి పోలేక, ఇక్కడ ఎవర్నీ చేసుకోక, ముసలివాళ్ళ ఆశ్రమంలో పోయాడు. పేరు యాన్ బోచెంగ్. పిలవడానికి ఎవరూ లేరు. కళాశాల ప్రొఫెసర్ వచ్చి మర్యాదగా పిలిచాడు. ఫాంగ్ పిలిచాడు. గాంగ్ బాబాయి నేల మీద తల ఆనించి పేరు పెట్టి పిలిచాడు. చివరికి నేను నాణేలు తీసుకున్నాను. "యాన్ బోచెంగ్ తాతా, ఉన్నారా?" సరే. "వెళ్దామా?" కాదు. ఎన్నిసార్లు అడిగినా కాదు. ముహూర్తం దాటిపోతోందని హాలు నుంచి కబురొచ్చింది. ఆయన దేహం మిగతావాళ్ళతో వెళ్ళిపోయింది. ఆయన వెళ్ళలేదు.

అప్పటి నుంచి మా ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. కిటికీ పక్క యంత్రాన్ని ఎవరూ సున్నా చేయరు. పొద్దున్నే దాని మీద ఉన్న అంకె చూసుకుని, రోజంతా వచ్చిన ఫలితాల్లోంచి దాన్ని తీసేస్తాం. కొత్తగా చేరినవాళ్ళకు ఫాంగ్ ఈ సంగతి మామూలుగానే చెబుతాడు. ఎందుకని అడిగితే, "ఆ యంత్రం అంతే" అంటాడు. ఆకుపచ్చ పొట్లం పక్కన నేను అప్పుడప్పుడు ఒక ఉడికించిన బన్ను పెడుతుంటాను. అలా వచ్చిన సైనికులు అన్నం కంటే గోధుమపిండితో చేసినవే ఇష్టపడేవారని ఎవరో చెప్పారు. భోజనం మళ్ళీ అక్కడే కూర్చుని తింటున్నాను. సాయంత్రం దీపాలు ఆపేముందు, "వెళ్ళొస్తా తాతా" అంటాను.

మా ఇళ్ళల్లో పెళ్ళికాని ఆడది పోతే, పోయిన పెద్దల పేర్ల పక్కన ఆమె పేరు పెట్టడానికి పుట్టింటి పూజబల్ల మీద చోటుండదు. వదిన ఆ మాట నోటితో అనదు గానీ కొత్త ఇంట్లో పూజబల్ల కొలతలు తీసుకున్నప్పుడు నా వైపు చూడలేదు. ఈమధ్య నేనూ తైనాన్ కళాశాలకు వెళ్ళి శరీరం ఇస్తానని సంతకం పెట్టి వచ్చాను. మర్నాడు టీ తాగుతూ గాంగ్ బాబాయికి చెప్పాను.

"నన్ను తీసుకెళ్ళేటప్పుడు పేరు పెట్టి పిలువు బాబాయ్. కో మేష్వాంగ్ అని. గట్టిగా."

"నీకంటే ముందు పోయేవాణ్ణి నేనే పిచ్చిదానా" అన్నాడు బాబాయి. "నిన్ను పిలవడానికి నేనెక్కడుంటా?"

"మరి ఎవరు పిలుస్తారు?"

బాబాయి టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. పంపు ఆగి ఉంది. కిటికీ పక్క యంత్రం మీద అంకె కొంచెం తగ్గి, కొంచెం పెరిగింది. ఎవరో కాలు మార్చుకుని మా వైపు తిరిగి నిలబడ్డారు.